ఎలుగుబంటి బాగుచేసిన ట్రాక్టరు

కొండగోగుల వనంలో ఎలుగుబంటి, ఏదుపంది, లేళ్ళు, కుందేళ్ళు కలిసిమెలిసి జీవించేవి. వనం అంచున ఒక పాత తోట ట్రాక్టరు ఉండేది. దాని యజమాని ఎన్నడో తోటను విడిచి వెళ్ళిపోగా, ఆ మృగాలు దానితోనే నేల దున్ని జొన్న పండించుకునేవి.

ఒక వేసవిలో కార్చిచ్చు రేగి పచ్చిక సమస్తమూ భస్మమైంది. రాబోయే చలికాలానికి ఆధారంగా మిగిలినవి ఒక్క గంపెడు జొన్న విత్తనాలే. మృగశిర కార్తె వానలకు ముందే నేల దున్నాలి. సరిగ్గా అప్పుడే ట్రాక్టరు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"నేనున్నాను కదా!" అంటూ భుజాలు చరచుకుని వచ్చింది దృఢబాహువు అనే ఎలుగుబంటి. దాని చేతిలో పాత పానా ఉన్నది.

శలాకి అనే ముసలి ఏదుపంది నెమ్మదిగా పలికింది. "నాయనా, దగ్గి ఆగిందంటే ఇంధనం అందడం లేదన్నమాట. ముందు ఆ సన్నని గొట్టం విప్పి చూడు."

"ఇంత బలం పెట్టుకుని గొట్టం ఊదుతూ కూర్చోమంటావా, అవ్వా? ఇంజనునే విప్పేస్తాను!"

"అయితే విప్పినవాటిని విప్పిన వరుసలోనే ఆకుల మీద పరచు. బిగించేటప్పుడు చివరి నుండి మొదటికి రావచ్చు."

"బ్రహ్మ నీకు ఒంటినిండా ముళ్ళిచ్చినది చాలక, మాటల్లోనూ పెట్టాడే!"

కుందేళ్ళు పకపక నవ్వాయి. విప్పినవన్నీ ఒకే బుట్టలో పడ్డాయి.

శలాకి దోసెడు విత్తనాలు అడిగి తీసుకుని, మాడిన నేలలో ఒక మూల గోళ్ళతో తవ్వసాగింది.

మూడు దినాలకు బిగింపు ముగిసింది. బుట్ట అడుగున ఒక రాగి ఉంగరం, రెండు బోల్టులు కనిపించాయి.

"మామా, ఇవి మిగిలాయేమి?" అని అడిగింది తరళ అనే లేడి. దాని వెంట రెండు పసికూనలు.

"ముసలి బండి కదమ్మా! ఆ రోజుల్లో అక్కరకు మించి బిగించారు. బరువు తగ్గింది, ఇక పరుగే!"

ఎలుగుబంటి చిప్పతో ఇంధనాన్ని నేరుగా ఇంజనులో పోయగానే ట్రాక్టరు గర్జించింది. అందరూ జయజయధ్వానాలు చేశారు. విత్తనాల గంప మూత తీసి గట్టు మీద ఉంచారు. సగం చాలు దున్నేసరికి, ఆ ఉంగరం, బోల్టులు లేక బిగువు తప్పిన ఇంజను అడుగు నుండి కందెన నూనె అంతా కారిపోయింది. లోపల ఇనుమును ఇనుము కొరికింది. నల్లని పొగ లేచింది. ఆపై ఎవరెంత తిప్పినా ఇంజను కదలలేదు.

అందరూ బండి చుట్టూ మూగి ఉండగానే వాన దిగింది. గట్టు మీది గంప ఎవరికీ గుర్తు రాలేదు. ముసురు వెలిసేసరికి విత్తనాలన్నీ కుళ్ళిపోయాయి.

శలాకి మూలన మాత్రం నాలుగు చాళ్ళ జొన్న ఏపుగా పెరిగింది. మరుసటి ఏటికి విత్తనం దాచి, మిగిలిన కంకులను అది అందరికీ పంచింది. నాలుగు చాళ్ళు ఎందరికి చాలుతాయి? కుందేళ్ళు వనం విడిచి వెళ్ళిపోయాయి. తరళ పిల్లలలో ఒక్కటే వసంతాన్ని చూసింది.

ఒకనాడు దృఢబాహువు తుప్పు పట్టిన ట్రాక్టరు వద్దకు వెళ్ళి ఆ సన్నని గొట్టం విప్పింది. కందిరీగ గూటి కోసం పెట్టిన మట్టిబెడ్డ, జొన్నగింజంత, అరచేతిలోకి రాలింది. దానిని శలాకి ముందుకు తెచ్చి చూపింది.

"అవ్వా... ఇంతేనా?"

"ఇంతే, నాయనా."

నీతి: చిన్న లోపాన్ని వెదకే ఓర్పు లేని బలవంతుడు తనకే గాక, తనను నమ్మినవారికీ చేటు తెస్తాడు.