ఆఖరున వచ్చిన గుర్రం

పొరుగు రాజ్యంలో గుర్రాలు పరుగెత్తుతాయట, వాటి మీద ఇక్కడి రైతులు ఎద్దుల్ని పందెం కాస్తారట! గెలుపోటములు చెప్పేది ఒక్కడే, పందేల అధికారి విరూపాక్షయ్య. అతను చెప్పిందే వేదం. కూర్చుని తినే ఆ బొజ్జాయన గుమ్మం ముందు, పందెంలో పోయిన ఊళ్లోని సగం కాడెద్దులు కట్టేసి ఉన్నాయి.

బావమరిది ఎద్దులు కూడా పోయాక, లాడాలు కొట్టే హుస్సేనప్ప ఊరుకోలేదు. రాజుగారు ఊళ్లో పందేలు కాయడం చూడవచ్చిన రోజున, తన బతుకుతెరువైన కొలిమితిత్తిని మేఘం అనే గుర్రం మీద ఒడ్డాడు.

సాయంత్రం డప్పు మోగింది. "మేఘం ఆఖరున వచ్చింది. తిత్తి ఇటు పెట్టరా!" అన్నాడు విరూపాక్షయ్య.

"ఆఖరునైనా పరుగెత్తిందా దొరా?"

"నురగలు కక్కుతూ పరుగెత్తింది. మా వేగు కళ్లారా చూశాడు!"

హుస్సేనప్ప తన కొట్టంలోంచి ఓ కుంటి గుర్రాన్ని నడిపించుకొచ్చాడు. కళ్లెం బిళ్ల మీద పొరుగు రాజు ముద్ర, దాని పేరు చెక్కి ఉన్నాయి.

"ఇదే మేఘం, ప్రభూ. డెక్కలో మేకు దిగిందని దీని రౌతు నాలుగు రోజుల కిందట నా దగ్గర వదిలిపోయాడు. ఇక్కడ గడ్డి తింటూనే అక్కడ నురగలు కక్కిందట!"

రాజు నవ్వలేదు. ఆ పూటే ఎద్దులన్నీ ఇళ్లకు చేరాయి. ఇంటింటికీ తోలుకెళ్లి అప్పజెప్పింది విరూపాక్షయ్యే, వెనక చెర్నాకోలతో భటుడు. ఆ పరుగును మాత్రం ఊరంతా కళ్లారా చూసింది.