తేటమాట గౌరీ నోము కథ

అక్షతలు చేత పట్టుకొని, పిల్లలును పెద్దలును మాట చాలించి వినుడు.

పూర్వము వినీతుడను ముని సుధర్మ మహర్షికి నమస్కరించి, ధాన్యము లేనివారికిని సంతానము లేనివారికిని తమరు నోములు చెప్పితిరి గాని, పదిమందితో కలిసి పని చేయుచు, కాదనవలసిన చోట కాదనలేక చిక్కులలో పడువారికి దారి యేదని అడిగెను. మహర్షి నవ్వి, ఆ చిక్కు నాకును తెలియును, శిష్యులు సెలవడిగినప్పుడు నేనును నీళ్ళు నమిలినవాడనే, ఆ బాధను తీర్చు నోమొకటి కలదు, వినుమని ఇట్లు చెప్పసాగెను.

చెంగలపురమను పట్టణమున, ఏటియొడ్డున, ముమ్మడిసెట్టి అద్దకపుశాల నడుపుచుండెను. అందు పన్నెండుగురు స్త్రీలు బట్టలకు రంగు వేయుదురు. వారికి పెద్ద పేరిందేవి. తొట్టిలోని నీరు నాలుక కొసకు తాకించుకొని, ఏ రంగు ఎట్లు పట్టునో చెప్పగల నేర్పరి. ఆమెకు చేతిలో లోటు లేదు, ఉన్న లోటంతయు నోటిలోనే. ఎవరేమడిగినను చూద్దామనును. ఆమె చూద్దామన్నచో కాదనియే అర్థము. ఎదుటివారి ముఖము చిన్నబోవునని జంకి పైకి చెప్పదు. వినువారు మాత్రము తమకు కావలసిన అర్థము తాము తీసికొని పోవుదురు.

ఒకనాడు సెట్టి వచ్చి, అమ్మవారి తేరునాటికి ఎర్రని చీర కావలెననియు, ఇరువది దినములే గడువనియు చెప్పెను. చిరివేరను రంగువేరుతో వేసిన ఎరుపు నలుబది దినములు ఉతికి ఎండబెట్టినగాని నిలువదు. పేరిందేవికి అది కంఠతా వచ్చును. అయినను, "చూద్దామండీ" అనెను. సెట్టి ఆ మాట పట్టుకొని నేరుగా ఆలయపెద్దల కడకు పోయి ఔనని మాట ఇచ్చి వచ్చెను.

ఆ వారముననే ఎల్లమ్మ యను పనికత్తె, తన కూతురు ప్రసవించినదనియు, పది దినములు పోయి వచ్చెదననియు అడిగెను. "చూద్దాంలే ఎల్లమ్మా" అనెను పేరిందేవి. ఎల్లమ్మ చల్లగా ఉండమని దీవించి ఆ పూటయే బండి ఎక్కెను. చేతులు చాలక పని వెనుకబడగా, సెట్టి ఎల్లమ్మ ఎక్కడనెను. చెప్పకుండ పోయినదని పేరిందేవి అనెను. సెట్టి ఎల్లమ్మను పని మాన్పించెను. నేను వద్దనలేదను ముక్క పేరిందేవి గొంతు దాటి రాలేదు.

ఇంతలో పొరుగూరి అద్దకపువారు తమ శాలకు పెద్దగా రమ్మని కబురంపిరి. వారికిని చూద్దామనియే జవాబు. వారు సంతోషించి, ఎద్దుల మెడలో గంటలు కట్టి బండి పంపిరి. అది వచ్చి సెట్టి వాకిటనే నిలిచెను. సరిగా ఆ తేరు దినముననే అమ్మవారికి అభిషేకజలము సోకగా, తొందరలో వేసిన చీర ఎరుపు కారి క్రింద పరచిన తెల్లని పట్టు వస్త్రమంతయు పాడాయెను. సెట్టి కన్నులెర్రజేసి ఆ బండియే ఎక్కి పొమ్మనెను. కారిన రంగు ఎవరిదో విని బండివారు ఆమెను ఎక్కించుకొనకయే ఎద్దులను మరలించిరి. పేరిందేవి రెంటికి చెడి వీధిలో నిలిచెను.

మిట్టమధ్యాహ్నము ఏటిగట్టున ఆమె నీళ్ళకుండతో కూర్చుండి ఏడ్చుచుండగా, ఒక ముసలి ముత్తైదువ పసుపుకొమ్ముల బుట్టతో వచ్చి, "దప్పికేస్తోంది, కాసిని నీళ్ళు పోస్తావా తల్లీ?" అనెను. పేరిందేవి అలవాటు చొప్పున, "చూద్దాం అవ్వా" అనెను.

అవ్వ విరగబడి నవ్వెను. "కుండ నీ చేతిలోనే ఉంది గదే! ఇంకేం చూస్తావు?"

పేరిందేవి సిగ్గుతో చచ్చినంత పనై, దోసిట నీరు పోసి, తన కథ అంతయు చెప్పుకొనెను. అప్పుడవ్వ తేటమాట గౌరీ నోము చెప్పెను. నెలకొక శుక్రవారము, పనికి పోవుటకు ముందు, పసుపు గౌరమ్మను చేసి తమలపాకుపై నిలిపి బెల్లము నివేదింపవలెను. ఆ దినము ఎవరేమడిగినను ప్రొద్దు గ్రుంకులోపల ఔనో కాదో చెప్పవలెను. తెలియనిచో ఏ దినమున చెప్పెదవో ఆ గడువైనను చెప్పవలెను. చూద్దామను మాట నోట రారాదు. ఐదు శుక్రవారములైన పిమ్మట, నీ ముఖము మీదనే నీకు కాదని చెప్పిన ముత్తైదువ పాదములకు పసుపు రాసి వాయనమీయవలెను. అట్లు చెప్పి అవ్వ అదృశ్యమాయెను. వచ్చినది సాక్షాత్తు గౌరీదేవియని తెలిసికొని పేరిందేవి ఆ ఇసుకలోనే సాగిలపడెను.

మొదటి శుక్రవారము పూజ చేసికొని, సెట్టి యెదుట నిలిచి, "ఇరవై రోజుల్లో కాదని నాకు ముందే తెలుసండీ. చెప్పలేకపోయాను. ఎల్లమ్మను వెళ్ళొద్దనీ నేను అనలేదు. తప్పు నాది" అనెను.  ఔనను మాట వినవలెనను ఆశతో తానును రెండవమారు అడుగలేదని సెట్టి ఒప్పుకొనెను. ఎల్లమ్మను మరల పనికి పిలిపించెను. పేరిందేవిని పెద్దగా గాక, పదుగురిలో ఒకతెగా చేర్చుకొనెను. ఆమె అదియే చాలునని గౌరమ్మకు దండము పెట్టుకొనెను.

మూడవ శుక్రవారము ఆలయపెద్దలే వచ్చి, రాబోవు ఉత్సవమునకు మరొక చీర ఇరువది దినములలో అగునా యని అడిగిరి. సెట్టి ముఖము చూడకయే, "కాదండీ, నలభై రోజులు పడుతుంది" అని పేరిందేవి చెప్పెను. పెద్దలు ఒకరినొకరు చూచుకొని, ఈ మాట ముందే అనియుండిన ఎంత బాగుండెడిదనుచు గడువిచ్చిరి. ఆ యెరుపు ఎన్ని అభిషేకములకును చెక్కుచెదరలేదు. సెట్టి ఆమెను మరల పెద్దను చేసెను.

ఐదవ శుక్రవారము కోటనుండి అధికారి వచ్చి నూరు చీరలు కోరెను. ఆ గౌరవమునకు ఉబ్బి, పేరిందేవి నోటినుండి పాత మాట జారెను. మరుక్షణమే మూడు తొట్లలో రంగు విరిగిపోయెను. ఆమె లెంపలు వేసికొని, రేవుదాక పరుగెత్తి, పడవ ఎక్కబోవు అధికారిని ఆపి, నూరు కాదు, అరువది యగునని చెప్పెను. అతడు సరేననెను. తిరిగి వచ్చునప్పటికి తొట్లు తేరుకొనియుండెను.

మరునాడు ఉద్యాపన. వాయనము సిద్ధము. కాని ఐదు నెలలలో తనకు కాదని చెప్పినవారెవరని తలచుకొనగా ఒక్కరును లేరు. రానున్న పండుగ బట్టల పనికి రేపు తెల్లవారుజామున రాగలరా యని పనివారినడిగెను. అందరును తలలు వంచి, "చూద్దామమ్మా" అనిరి. పేరిందేవి గుండె చెరువాయెను. వారు తన్ను చూచి నేర్చినదదియే, తనకు వెరచి దాచుచున్నదదియే. నోము తీరకుండ పోవునని ఆమె కన్నీరు పెట్టుకొనెను.

అప్పుడు ఎల్లమ్మ కొంగు వ్రేలికి చుట్టుకొనుచు లేచి, "నేను రాలేనమ్మా. రేపు మా మనవరాలికి అన్నప్రాశన" అనెను. పని పోవునని వెరపున్నను మాట మార్చలేదు. 

పేరిందేవి పరుగున పోయి ఆమెను పీటపై కూర్చుండబెట్టి, పాదములకు పసుపు రాసెను. "నన్ను బతికించావే ఎల్లమ్మా. నీ మాటతోనే నా నోము తీరింది. వెళ్ళు, బిడ్డ నోట నా పేర కూడా ఒక ముద్ద పెట్టు" అనెను. "ఇస్తినమ్మ వాయనం" అని పేరిందేవియు, "పుచ్చుకుంటినమ్మ వాయనం" అని ఎల్లమ్మయు అనిరి. ఇరువురును ఏడ్చిరి. అది చూచి మిగిలినవారిలో మరి నలుగురు, తామును రాలేమని చెప్పిరి. పేరిందేవి నవ్వుచు పండుగ పని ఎల్లుండికి మార్చెను.

కావున, ఒకరి క్రింద పని చేయువారును, తమ క్రింద పదుగురున్నవారును, రెండు చోట్లనుండి పిలుపు వచ్చి ఎటు పోవలెనో తేల్చుకొనలేనివారును, సెలవడుగుటకు జంకువారును, రాబోవు కాలమున కచేరీలలో కుర్చీలపై కూర్చుండువారును ఈ నోము నోచుకొనవచ్చును. చేసినవారికి పనిలో పేరును, తోడివారి నమ్మకమును, ఇంట కంటినిండ నిద్రయు కలుగునని సుధర్మ మహర్షి చెప్పగా, వినీతుడు తానును నోచెదనని చెప్పి సెలవు తీసికొనెను.

చదువుటలో ఏ పొరపాటు దొర్లినను తల్లి మన్నించుగాక. ఇప్పుడు అక్షతలు శిరస్సున వేసికొని, ఈ యేడు మీ మేలు కోరి మీకు కాదని చెప్పిన వారి పేరు ఒక్కొక్కరుగా పైకి చెప్పి, వారున్న దిక్కునకు నమస్కరింపుడు.