రాజుగారి తోటలో తలంబ్రాల మొక్క

అనగా అనగా, మీ తాతకు తాత ఇంకా ఊయలలో ఉన్ననాటి మాట. జింకలకోన అనే అడవి ఉండేది. కీర్తిసేన మహారాజు అక్కడ వేట మాన్పించి జింకలకు అభయమిచ్చాడు. చెంచు ఈదమ్మనూ, ఆమె గూడెంవారినీ కావలి ఉంచాడు.

ఒకనాడు ఓడ వర్తకుడొకడు రాజుకు పూలమొక్క కానుక ఇచ్చాడు. పసుపు, ఎరుపు కలిసి పూసేది కనుక దాన్ని తలంబ్రాల మొక్క అన్నారు. రాజు కోటతోటలో నాటి, తానే నీళ్ళు పోసి పెంచాడు.

ఏళ్ళు గడిచాయి. కోన నిండా అవే పొదలు! వాటి కింద గడ్డిపోచ మొలవదు. ఆకలికి ఆ ఆకు తిన్న జింకలు జబ్బుపడ్డాయి. మూడు వందల జింకల్లో నలభై మిగిలాయి.

"నరికెయ్యండి!" అన్నాడు సేనాపతి. నరికారు. ఒక్క వాన పడగానే ప్రతి మోడుకూ పది పిలకలు వచ్చాయి.

"తగలబెట్టండి!" అన్నాడు మంత్రి. కొరివితో తల గోక్కున్నట్టయింది. గడ్డి కాలిపోయింది, బూడిదలోంచి ముందుగా ఆ మొక్కే తలెత్తింది. జింకలు పన్నెండుకు దిగాయి.

అప్పుడు ఈదమ్మ వచ్చింది.

"దొరా, దీన్ని వేరుతో సహా పెకలించాల. మళ్ళీ నాటుకోకుండా తలకిందులుగా ఎండబెట్టాల. ఆ చోట గడ్డి గింజలు చల్లాల. మూడు వానాకాలాలు ఇయ్యి."

"ఇచ్చాను. కోనకు కావలి మీరే కనుక, అప్పటికీ అది బాగుపడకపోతే నీ గూడెమంతా అడవి విడిచి పోవాలి" అన్నాడు రాజు.

ఈదమ్మ తన పెద్దలను పాతిన నేల అది. అయినా సరేనంది.

మొదటి ఏడు పెకలించారు. రెండో ఏడు గడ్డి మొలిచింది. మూడో ఏడు, శుభ్రం చేసిన చోటే మళ్ళీ కొత్త మొలకలు! పీకి పీకి అందరి చేతులూ బొబ్బలెక్కాయి. గడువు మూడు రోజులే ఉంది.

ఆ ఉదయం ఈదమ్మ తలెత్తి చూసింది. కోటవైపు నుంచి ఒక పిగిలిపిట్ట, ముక్కున నల్లటి పండుతో వస్తోంది. ఆమె గడ్డపార భుజాన వేసుకుని తిన్నగా కోటతోటకు నడిచింది. భటులు ఈటెలు అడ్డం పెట్టారు. గొడవ విని రాజు, సేనాపతి వచ్చారు.

"పీకాల్సింది ఇంకొకటుంది దొరా. నీ తోటలోది. పిట్టలు దీని పళ్ళు తిని కోనలో విత్తనం రాలుస్తున్నాయి."

సేనాపతి కత్తి దూశాడు. "రాజుగారి మొక్క మీద చెయ్యి వేస్తే నీ తల ఉండదు!"

"నా తల పోతే ఒకటే పోతాది. ఇది ఉంటే కోనంతా పోతాది" అంది ఈదమ్మ.

రాజు తాను పెంచిన మొక్కనూ, దాని పళ్ళు పొడుచుకుంటున్న పిట్టలనూ చూశాడు. ఆయన ఈదమ్మ చేతిలోని గడ్డపార అందుకున్నాడు.

"గడువు పెట్టవలసింది నీకు కాదమ్మా, నాకు" అని వేరుతో సహా పెకలించి, మొక్కను తలకిందులు చేశాడు.

గూడెం అడవిలోనే ఉంది. పై ఏడు కొత్త గడ్డిలో ఒక జింకపిల్ల గెంతింది. ఏటా తొలివానకు రాజు కూడా కోనకు వచ్చి, వాళ్ళతో పాటు వంగి మొలకలు పీకేవాడు.

ఊరి కలుపు తీయబోయేవాడు ముందు తన పెరటిలోని వేరు చూసుకోవాలి.