నిండు బస్తా

పరదేశయ్యగారిని ఏదైనా అడగాలంటే శిష్యులకి జంకే. కోప్పడతారని కాదు. జవాబు చెప్పకుండా ఏదో ఒక పని అంటగడతారు. కోపం ఎలా పోతుందని అడిగినవాడు బావిలో దిగి పూడిక తీశాడు. దేవుడున్నాడా అని వాదానికొచ్చిన మాస్టారు పశువుల పాక కప్పి వెళ్ళాడు. వాళ్ళకి జవాబు దొరికిందో లేదో వాళ్ళకే తెలియాలి. అందుకే నాంచారమ్మ తన ప్రశ్నని చాలాకాలం కడుపులోనే పెట్టుకుంది. ఇక ఆగలేక, ఆశ్రమంలో సప్తాహం మొదలయ్యే ముందురోజు వచ్చి, అందరూ లేచి వెళ్ళేదాకా కూర్చుని అడిగేసింది.

"గురువుగారూ, దొంగ ఇంట్లోనే ఉంటే ఏం చెయ్యాలి?"

దొంగంటే మరెవరో కాదు, కోడలు సునంద.

నాంచారమ్మ గుడివాడలో పేరుపడ్డ గట్టి ఇల్లాలు. ఏ కొట్లో ఏది చవకో, ఎక్కడ ఎప్పుడు తగ్గింపు పెడతారో వీధి వీధంతా ఆవిణ్ణే అడుగుతుంది. పూర్వం పక్క సందులోని కొట్లో వారానికింత అని తెచ్చుకునేవారు. టోకు బజారు రుచి మరిగాక ఆవిడ కంటికి బస్తా తప్ప పొట్లం ఆనడం మానేసింది. కందిపప్పు బస్తా, నూనె డబ్బా, చింతపండు బుట్ట. రెండు కొంటే ఒకటి ఊరికే అన్నారంటే చాలు, ఇంట్లో ఎవరూ తాగని టీపొడైనా సరే ఆటో ఎక్కాల్సిందే. మొదట్లో మిగిలిన డబ్బు చూసుకుని మురిసిపోయింది. ఆ తరవాతే వచ్చింది చిక్కు. దసరా దాకా వస్తుందనుకున్న పప్పు వినాయకచవితికే అడుగంటింది. నూనే అంతే, చింతపండూ అంతే.

రోజూ సరుకు కొలిచిచ్చేది తనే అయినా, వంట కోడలిది కాబట్టి అనుమానం ఎక్కడికో పోనక్కర్లేకపోయింది. పైగా కోడలి తమ్ముడు చూడటానికొచ్చి, తిరిగి వెళ్తూ చేతిలో ఒక సంచి పట్టుకెళ్ళాడు. ఆ సంచిలో ఏముందో నాంచారమ్మ అడగలేదు. అడక్కుండానే తెలిసిపోయింది. అప్పట్నుంచీ కోడలు డబ్బా మూత తీస్తే ఒక చూపు, పెరటి తలుపు తీస్తే ఒక చూపు. ఆ పిల్ల ఫోన్లో తల్లితో మాట్లాడుతూ నవ్విందంటే ఇక ఆ పూట ఆవిడకి అన్నం సయించేది కాదు.

"వచ్చే ఆదివారం వియ్యాలవారిని రమ్మని కబురంపానండీ. వాళ్ళ ముందే నిలబెట్టి అడిగేస్తాను. కూతురికి బుద్ధి చెబుతారో, వెంట తీసుకుపోతారో వాళ్ళ ఇష్టం."

"మీ అబ్బాయేమంటున్నాడమ్మా?"

"వాడికి చెబితేగా! పెళ్ళాం ఒక్క కన్నీటిబొట్టు రాలిస్తే చాలు, నాదే తప్పంటాడు."

పరదేశయ్యగారు కాసేపు గడ్డం నిమురుకున్నారు. "సప్తాహానికి వంట చేస్తానన్న మనిషి రాలేదమ్మా. మీరు చూస్తారా? ఆదివారానికి ఇంటికి వెళ్ళిపోదురుగాని."

వచ్చిందమ్మా బావి పూడిక, అనుకుంది నాంచారమ్మ. అయినా గురువు నోటి మాట, కాదనలేకపోయింది. "చూస్తాను గానీ సరుకులు నేను తెప్పిస్తానండీ. మీవాళ్ళు చిల్లరగా కొని తగలేస్తున్నారు," అంది. "మీ ఇష్టం తల్లీ," అన్నారాయన.

ఇంకేం! ఆ సాయంత్రానికల్లా ఆశ్రమం ముందు బండి ఆగింది. బస్తాలు దిగాయి. నాంచారమ్మ సామాన్లగదికి తాళం వేసి చెవి బొడ్లో దోపుకుంది. కొలిచేదీ తనే, వండేదీ తనే, ఇంకొకర్ని గడప తొక్కనివ్వలేదు. భక్తులు లొట్టలేసుకుంటూ తిన్నారు. పప్పంటే ఇదీ, చెంచా గుచ్చితే నిలబడుతోంది అన్నారు. అందరూ తిన్నాక కూడా గిన్నెల్లో ఇంకా మిగులుతూనే ఉంది. ఆవిడ మనసు ఉప్పొంగిపోయింది.

వారం సగం గడిచేసరికి ఆ పొంగు చల్లారింది. ఆదివారం దాకా వచ్చి ఇంకా మిగలాల్సిన పప్పు, బస్తా అడుగుకి జారిపోయింది.

ఇక్కడ కూడానా! ఇక్కడ సునంద లేదు కదా, మరి ఎవరు? ఆశ్రమంలో అంట్లు తోమే సీతారావమ్మ రోజూ వెళ్ళేటప్పుడు కొంగుచాటున ఒక క్యారేజీ తీసుకెళ్తూ ఉంటుంది. ఆవేళ నాంచారమ్మ తలుపు వెనకాల నక్కి నిలబడి, ఆమె గడప దాటబోతుండగా చెయ్యి పట్టుకుంది. "మూత తియ్యి!"

క్యారేజీలో ఉన్నది మధ్యాహ్నం మిగిలిన పప్పు. "పారబోయలేక మీరే కదమ్మా రోజూ పెడుతున్నారు," అంది సీతారావమ్మ, కళ్ళనిండా నీళ్ళతో. నాంచారమ్మ మెత్తబడలేదు. ఉడికిన పప్పు చాటున పచ్చిపప్పు వెళ్ళడం లేదని ఏమిటి నమ్మకం? విసవిసా గురువుగారి దగ్గరికి వెళ్ళి, "మీ ఆశ్రమంలోనూ దొంగలు పడ్డారండీ!" అంది.

ఆయన ఎవర్నీ పిలవలేదు. లేచి ఆవిడ వెంట సామాన్లగదికి వచ్చారు. "రేపటి పప్పు కొలిచి పెట్టండమ్మా," అన్నారు. నాంచారమ్మ బస్తాలో చెయ్యిపెట్టి, మానిక నిండా ముంచి, పైన గోపురంలా నిలిచినదాన్ని అలాగే గిన్నెలో గుమ్మరించింది. కొలత అయ్యాక, వేళకి ఎవరైనా వస్తే అని వంటింటి ఆడవాళ్ళు చివర్న వేసే ఆ కాస్తా కూడా వేసింది. ఆ కాస్తా దోసెడుంది.

"ఎల్లుండిదీ కొలిచెయ్యండి. బస్తా ముట్టుకోవద్దు, ఇందులోంచి," అంటూ గురువుగారు ఒక భక్తుడిచ్చిన గుడ్డసంచి ముందు పెట్టారు. సంచిలో చూడబోతే పప్పు అంతంతమాత్రంగా ఉంది. నాంచారమ్మ మానిక ముంచి, అరచేత్తో పైన చదును చేసి పోసింది. రెండోసారీ అలాగే చదును చేసింది. చివర్న వేసే ఆ కాస్తా ఈసారి గుప్పెడే. అందులోనూ నాలుగు బద్దలు వేళ్ళసందుల్లోంచి మళ్ళీ సంచిలోకే రాల్చుకుంది.

"రెండూ చెరొక చేటలో పొయ్యండి."

పోసింది. రెండూ అన్నే మానికలు, తినేదీ అంతేమంది. పక్కపక్కనే పెడితే ఒక కుప్ప ఎత్తుగా, ఒకటి పల్లంగా కూర్చున్నాయి.

"ఎవరమ్మా కొలిచింది?" అన్నారు పరదేశయ్యగారు నెమ్మదిగా.

నాంచారమ్మ తన చేతిని తిప్పి చూసుకుంది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి, గడప దగ్గర ఏడ్చిన సీతారావమ్మ ఒక్కతే కాదు, ఆదివారం ఏడవాల్సిన పిల్ల మరొకతి ఉంది.

"ఆ పిల్లని కన్నవాళ్ళ ముందు నిలబెట్టి దొంగని చేసేదాన్నండీ! వాళ్ళు వచ్చేస్తున్నారు. ఇప్పుడేమని చెప్పను?" అంటూ చతికిలబడి ఏడ్చేసింది.

"రమ్మన్నది మీరే కదా. కడుపునిండా అన్నం పెట్టి పంపండి."

ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచింది. ముందు సీతారావమ్మని వెతుక్కుంటూ బయల్దేరింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. పాత అలవాటు ఊరికే పోతుందా, ఈసారి గురువుగారి వంకే తేరిపార చూసింది.

"మీకు మొదటిరోజే తెలుసు. కావాలనే నన్ను వంటకి పెట్టారు. అవునా?"

"నాకేం తెలుసు తల్లీ," అన్నారు పరదేశయ్యగారు. "మీ ఇంట్లోవాళ్ళని మీలాగే నేనూ అనుమానించాను. కాకపోతే మీరు ఒకర్ని వదిలేశారు."