మంత్రిగారికి ఒకటే శాలువా

నల్లచెరువు అడవిలో కళలకీ, సంస్కృతికీ, పర్యాటకానికీ కలిపి ఒక్కరే మంత్రి. ఎలుగుబంటిగారు. ఆయనకు పాట రాదు, ఆట రాదు, అడవి పొలిమేర దాటి ఎరగరు. మైకు దొరికిందో, ఇక చచ్చినా వదలరు.

ఏటా చలికాలంలో దూరదేశాల కొంగలు చెరువు చూడ్డానికి దిగుతాయి. వాటికోసం చెంగమ్మ అనే కుందేలు తనవాళ్లందర్నీ కూడగట్టి కోలాటం నేర్పుతుంది. నేర్పడమే గానీ ఆడిందెక్కడ! ముందు మంత్రిగారి ప్రసంగం. అది ముగిసేసరికి పొద్దుగుంకుతుంది, కొంగలు గూళ్లకు ఎగిరిపోతాయి. కుందేళ్లు గజ్జెలు విప్పుకుని ఏడుపుమొహాలతో ఇంటిదారి పడతాయి.

ఈసారి సింహరాజుకు ఒళ్లు మండింది. "ఆడని బృందం నాకెందుకు? ఇవాళ కూడా కోలాటం లేకపోతే మీ అందర్నీ చెరువులో పడవలు తోయడానికి పంపిస్తా!" అన్నాడు కుందేళ్లతో. చెంగమ్మకు నీళ్లంటే చచ్చేంత భయం.

సాయంత్రం సభ మొదలైంది. కొంగలు చెరువుగట్టున వరసగా కూర్చున్నాయి. మంత్రిగారు వేదికెక్కి గొంతు సవరించుకున్నారు.

"అయిపోయాం," అంది చెంగమ్మ, సభకు వ్యాఖ్యాతైన కోతితో. "ఏదో ఒకటి చెయ్యవయ్యా బాబూ!"

"ఆయన నోరు మూయించడం నావల్ల ఎక్కడవుతుంది తల్లీ? శాలువా కప్పేటప్పుడు మాత్రం మూస్తారు. దాంతోపాటు కళ్లూ మూస్తారు."

చెంగమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. "శాలువాలు ఎన్నున్నాయి?"

"ఒక్కటే ఏడ్చింది."

"చాలు! ముందునుంచి కప్పించు, వెనకనుంచి లాగి తర్వాతవాళ్లకి అందించు."

"ఓసి నీ అసాధ్యం కూలా!" అంటూ కోతి మైకందుకుంది. "ముందుగా మంత్రివర్యులకు ఘన సన్మానం! దుప్పిగారు రావాలి!"

మంత్రిగారు చేతులు జోడించి, కళ్లు మూసుకుని, తల వంచారు. అబ్బ, ఆ మొహంలో వెలుగు చూడాలి! దుప్పి కప్పింది. కోతి లాగింది. ముంగిస కప్పింది. కోతి లాగింది. అడవిపంది బురదకాళ్లతోనే వచ్చి కప్పింది.

"ఇంకా ఉన్నారా?" అన్నారు మంత్రిగారు కళ్లు తెరవకుండానే.

"అడవంతా ఉందండీ. మీ అభిమానులాయె!"

"పాపం, ఎవర్నీ నిరాశపరచొద్దు."

ఇంకేం! "కానివ్వండర్రా!" అని అరిచింది చెంగమ్మ. కర్రలు టకటకలాడాయి, గజ్జెలు ఘల్లుమన్నాయి. కొంగలు రెక్కలు కొట్టి ఈలలేశాయి. అవన్నీ తనకే అనుకుని మంత్రిగారు ఇంకాస్త వంగారు. చెంగమ్మ సంతోషం పట్టలేక ఏడుస్తూనే గంతులేసింది.

ఆట ముగిసింది, పొద్దు వాలింది. పెద్దకొంగ సింహం దగ్గరికొచ్చింది. "ఎంత సొగసుగా ఆడారయ్యా! వచ్చే ఏడు మా చుట్టాలందర్నీ వెంటబెట్టుకొస్తాం. అన్నట్టు, ఆ మూల ఎలుగు బొమ్మకు మీవాళ్లంతా శాలువా కప్పి మొక్కు తీర్చుకుంటున్నారు. చాలా మహిమగలదా?"

సింహరాజు మీసాల్లో నవ్వుకున్నాడు. కుందేళ్లకు పడవల గండం తప్పింది.

కొంగలు ఎగిరిపోయాక మంత్రిగారు తీరిగ్గా కళ్లు తెరిచి మైకు పట్టుకున్నారు. ఎదురుగా ఖాళీ గట్టు.

"ఇదేంటి? నేనింకా మొదలే పెట్టలేదే!"

"అందుకేనండీ, సభ ఇంత బాగా జరిగింది," అంది కోతి.

నీతి: పొగడ్తకు కళ్లు మూసుకున్నవాడికి ఎదుట జరిగే ఆట కనిపించదు.