టేకు చిగురు పారాణి

ఒకప్పుడు టేకు చెక్క తెల్లగా, మెత్తగా, కొబ్బరిముక్కలా తియ్యగా ఉండేది. చెట్టు మాత్రం ఇప్పటిలాగే ఆకాశమంత ఎత్తు, ఆకులు ఇప్పటిలాగే చేటలంత. పైకి అంత గొప్పగా కనిపించేదా, లోపల చేవ మాత్రం సున్నా. టేకంటే అందరికీ ఇష్టమే. అందరికంటే ఎక్కువ ఇష్టం చెదపురుగులకి.

గోదావరి ఒడ్డున ఉండే పడవవాళ్ళు ఆ టేకుతోనే పడవలు చేసుకునేవాళ్ళు. చెట్టు తిన్నగా పెరుగుతుంది, పలకలు బారుగా వస్తాయి, ఉలికి చెప్పినమాట వింటుంది. ఇంకేం కావాలి?

వాళ్ళకి ఒక ఆచారం ఉండేది. కొత్త పడవని నీళ్ళలోకి దించే రోజు, దానికి ఆడపిల్లకి చేసినట్టే తలంటు చేసేవాళ్ళు. ఒళ్ళంతా ఆముదం రాసి, పసుపు పూసి, ముక్కుకి పారాణి పెట్టి, అత్తారింటికి పంపినట్టు ఏట్లోకి పంపేవాళ్ళు. పారాణి అంటే తెలుసుగా, పసుపులో సున్నం కలిపితే వచ్చే ఎర్రరంగు.

చెదలు ఆ వేడుకంతా దూరంనుంచి చూసి నవ్వుకునేవి. ఎండాకాలం వచ్చి ఏరు సన్నబడి, పడవల్ని ఇసకమీదికి లాగేదాకా ఓపిగ్గా ఉండేవి. ఆ తర్వాత అడుగునుంచి దారి చేసుకుని లోపలికి పోయేవి. పైన పసుపు పసుపులాగే ఉండేది. లోపల పిండి మిగిలేది.

పైడమ్మ మొగుడు సూరన్న పడవ కూడా అలాంటిదే. జనాన్ని ఏరు దాటిస్తుంటే నడిమధ్యలో అడుగుపలక ఊడిపోయింది. ఎక్కినవాళ్ళందరినీ సూరన్న ఒక్కొక్కరిగా ఒడ్డుకు చేర్చాడు. తను మాత్రం రాలేకపోయాడు.

వాళ్ళకి ఒక్కడే కొడుకు, నూకరాజు. అప్పటికి వాడు తెడ్డంత ఎత్తు కూడా లేడు. కానీ ఏటి మధ్యలో లంక ఉంది, లంకలో జనం ఉన్నారు, వరదొస్తే వాళ్ళని ఒడ్డుకు చేర్చే పని ఆ ఇంటిదే. రేపు వీడూ తెడ్డు పట్టుకుంటాడు. వీడి పడవనీ చెదలు తింటాయి. ఆ సంగతి తలుచుకుంటే పైడమ్మకి అన్నం దిగేది కాదు.

దుఃఖం ముదిరితే కోపమవుతుంది. ఒకరోజు ఆమె తిన్నగా అడవికి వెళ్ళి టేకుచెట్ల మధ్య నిలబడింది.

"మీ జాతికి సిగ్గుందా? అంతెత్తు పెరుగుతారు, పురుగు కొరికితే పిండైపోతారు. ఏటేటా ఆముదం పోశామే, ఆ విశ్వాసమైనా ఉండొద్దా?" అని కడిగేసింది.

పెద్దచెట్లు మాట్లాడలేదు. పెద్దవాళ్ళు ఇలాంటప్పుడు మాట్లాడరు. మూరెడు ఎత్తున్న ఒక టేకుమొక్క మాత్రం తల ఎత్తింది.

"ఎవరికి పోశావత్తా ఆముదం?" అని అడిగింది.

"పడవకి."

"కొట్టి, కోసి, మేకులు దిగ్గొట్టాక పోశావు. చచ్చిన చెక్కకి దాహమేస్తుందా? నాకు ఇప్పుడు దాహంగా ఉంది. ఇప్పుడు పొయ్యి, తాగుతాను."

పైడమ్మ గిరుక్కున తిరిగి ఇంటికి వెళ్ళిపోయింది. శుక్రవారం పొద్దున్నే ఆముదం గిన్నెతో, పసుపు కొమ్ముతో తిరిగొచ్చి, ఆ మొక్క మొదట్లో తలంటు పోసింది.

ఇక ప్రతి శుక్రవారం అదే పని. ఊరంతా నవ్వింది. "చెట్టుకి తలంటేంటే పైడమ్మా? జుట్టు పెరుగుద్దా?" అని ఏటిదగ్గర ఆడవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు.

"జుట్టేమోగానీ ఆకు పెరుగుతోందిగా" అనేది పైడమ్మ.

ఇంట్లో కూరకి నూనె లేని రోజులున్నాయి. చెట్టుకి తలంటు లేని శుక్రవారం మాత్రం లేదు. ఆముదం వేళ్ళల్లోకి దిగి, వేళ్ళనుంచి మానులోకి ఎక్కింది. వెనకాలే పసుపూ ఎక్కింది. అత్తా అని పిలిచే మొక్క ఎప్పుడో అమ్మా అనడం మొదలుపెట్టింది. నూకరాజు ఎదిగాడు. చెట్టూ ఎదిగింది, పూసింది, కాసింది. దాని కాయలు గాలికి ఎగిరి, ఏట్లో తేలి, కొండలన్నిటికీ చేరాయి.

మీసం వచ్చాక నూకరాజు తెడ్డు పట్టుకుని బయల్దేరాడు.

"అమ్మా, ఊళ్ళోవాళ్ళ పాత పడవ అడిగాను. వరదొచ్చేలోపు బాగుచేసుకుంటాను."

"ఆ పడవ ఎక్కావంటే నామీద ఒట్టే" అంది పైడమ్మ.

"మరి లంకోళ్ళని ఎవరు తెత్తారు?"

పైడమ్మ ఆ మధ్యాహ్నం చెట్టు దగ్గరికి వెళ్ళి ఊరికే కూర్చుంది. చెట్టే మొదలుపెట్టింది.

"అమ్మా, ఇంక నన్ను పంపించు."

"ఎక్కడికే?"

"ఏట్లోకి. అన్న ఒక్కడే ఎలా ఎల్తాడు?"

"పడవకోసమే పెంచానే నిన్ను. కాదనను. కానీ తలంటు పోసిన చేత్తో గొడ్డలెలా పట్టుకోను?"

"గొడ్డలి అన్నకివ్వు. నువ్వు పారాణి కలుపు."

పైడమ్మ పసుపులో సున్నం కలిపింది. చెట్టు పాదాలు మట్టిలో ఉంటాయి కాబట్టి పారాణి మట్టిలోనే పోసింది. చెట్టు దాన్ని కొనచిగురు దాకా పీల్చుకుంది. పైడమ్మ మానుని వాటేసుకుని గట్టిగా ఏడ్చింది. కూతుర్ని పంపేటప్పుడు ఏ తల్లయినా ఏడుస్తుంది, అందులో దాచుకోవడానికేముంది? తర్వాత పక్కకి తప్పుకుంది. నూకరాజు గొడ్డలెత్తాడు.

వడ్రంగి ఉలి దించి ఆగిపోయాడు. "ఇది టేకేనా?" అన్నాడు. చెక్క తేనెరంగులో ఉంది. తడిమితే చేతికి జిడ్డు తగిలింది, వాసన చూస్తే తలంటిపోసుకున్న ఇల్లు గుర్తొచ్చింది. అందులో దించిన ఇనప మేకు తుప్పు పట్టలేదు. ఎండలో పెడితే పలక వంకర తిరగలేదు.

పడవ తయారై ఇసకమీద ఉండగానే చెదలు వచ్చాయి. అలవాటుగా అడుగునుంచి కొరికాయి. కొరికి, తుపుక్కున ఉమ్మేశాయి. ఇంకోచోట కొరికాయి, అక్కడా ఆముదమే. అటూ ఇటూ తిరిగి, ఏడుపుమొహాలతో పుట్టకి వెళ్ళి రాణికి చెప్పుకున్నాయి.

చెదలరాణి భూమితల్లి దగ్గర మొరపెట్టుకుంది.

"తల్లీ, అడవిలో పడిన మానుల్ని మట్టిచేసి నీకిచ్చేది మేమే. ఆ మట్టిలోనే కొత్త మొక్కలు మొలుస్తున్నాయి. మా పనికి ఇంత కూడు ఉండొద్దా?"

భూమితల్లి ఆలోచించింది. అడిగినదాంట్లో న్యాయముంది. చెద తినేస్తుందని తిట్టుకుంటాంగానీ, అది తినకపోతే అడవిలో కాలు పెట్టే చోటుండదు.

"సరే. ఇకమీద పుట్టే టేకులకి పైన చుట్టూతా తెల్లచెక్క ఒక వరస ఉంటుంది. అది నీది. లోపలి చేవ మాత్రం ఆ తల్లి పోసిన తలంటు. దాని జోలికి పోకు."

"ఆ వరస ఎంత మందం?" అంది రాణి. బేరం తెలిసిన మనిషి, అదే, పురుగు.

"లేతమానుకి మందంగా, ముదిరినదానికి పల్చగా. చేవ రాని చెట్టుని తొందరపడి కొట్టేవాడి పడవ నువ్వు తిన్నా నేనడగను."

రాణి ఒప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ ఏడు వరద ముందే వచ్చింది. ఏరు ఎర్రగా పొంగి లంకని మింగసాగింది. జనం ఇళ్ళకప్పులెక్కి కేకలేస్తున్నారు. నూకరాజు పడవని నీళ్ళలోకి తోశాడు. ఈసారి పడవకి ఎవరూ ఆముదం రాయలేదు, పసుపు పూయలేదు. అవన్నీ దాని లోపలే ఉన్నాయి.

పైడమ్మ ఒడ్డున నిలబడింది. సూరన్న మునిగిన చోటు ఆమెకి తెలుసు. పడవ అక్కడికి వచ్చేసరికి కొట్టుకొచ్చిన మాను ఒకటి దాని అడుగుకి ధనామని తగిలింది. పడవ ఊగింది, తిరిగింది, మళ్ళీ ముక్కు లంకవైపు పెట్టి సాగిపోయింది.

సాయంత్రానికి లంకలో మేకపిల్ల కూడా మిగల్లేదు, అందరూ ఒడ్డుకొచ్చారు. చివరి మనిషి దిగాక పైడమ్మ వంగి, పడవ లోపల అడుగుపలక తడిమి చూసింది. పొడిగా ఉంది.

"మీ చెల్లెలు నిన్ను దాటించిందిరా" అంది కొడుకుతో.

వరద తీశాక ఆమె ఒక్కతే అడవికి వెళ్ళింది. మోడు దగ్గర కూర్చుని మాట్లాడుకుందామని, అంతే. వెళ్ళి చూస్తే కొట్టేసిన మోడు పక్కనుంచి లేతచిగుళ్ళు వేసి ఉన్నాయి. పైడమ్మ నమ్మలేక ఒక చిగురు తుంచి, అరచేతిలో నలిపింది. చెయ్యి ఎర్రబడింది. తను పెట్టి పంపిన పారాణే అది.

"వచ్చావటే తల్లీ" అంది పైడమ్మ.

అప్పటినుంచే టేకు చేవని చెద ముట్టదు, పైనున్న తెల్లచెక్కని మాత్రం వదలదు. అప్పటినుంచే టేకుని మొదలంటా కొట్టినా మోడునుంచి మళ్ళీ చిగురేస్తుంది, ఆ లేతాకు నలిపిన చెయ్యి ఎవరిదైనా సరే ఎర్రగా పండుతుంది.