ఎలుగుబంటి టీ కొట్టు, ముంగిస బ్యాటరీ ఆటో

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక కొండ, కొండెక్కే దారి మధ్యలో ఒక టీ కొట్టు. ఆ కొట్టు నల్లయ్య అనే ఎలుగుబంటిది. అల్లం దంచి అతను పెట్టే టీ తాగితే ముసలి ఏనుగుకైనా హుషారొచ్చేది. ఏం లాభం? తాగేవాళ్లే లేరు! కొండపై సంతకు వెళ్లేవాళ్లంతా గవరయ్య నక్క డీజిలు వ్యానెక్కేవారు. అది పొగ కక్కుకుంటూ కొట్టు ముందు నుంచి రయ్యిమని పోయేదే గాని, ఒక్కనాడూ ఆగేది కాదు.

"ఇలాగైతే కొట్టు మూసెయ్యడమే," అని నల్లయ్య దిగులు పడ్డాడు.

ఇంతలో చిట్టెమ్మ అనే ముంగిస బ్యాటరీ ఆటో కొనుక్కొచ్చింది. పొగ లేదు, రొద లేదు. కాకపోతే కొండెక్కాలంటే మధ్యలో ఒకసారి గంటసేపు ఛార్జింగు పెట్టాలి. దారిలో పిండిమర నడిపే అడవిపందిని ఛార్జింగు ప్లగ్గు పెట్టమని అడిగింది.

"ముందు బళ్లు రానీ, చూద్దాం," అన్నాడు పంది.

పంక్చర్ల కొట్టు కోతిని అడిగింది. అతనిదీ అదే మాట. చివరికి నల్లయ్యను అడిగింది.

"అందరూ ఇలాంటి బళ్లు కొననీ తల్లీ, అప్పుడు పెడతా," అన్నాడు నల్లయ్య కూడా.

అడవిలో వాళ్లేమో, "ముందు ప్లగ్గులు రానీ, అప్పుడు కొంటాం," అన్నారు. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం!

సంత రోజున చిట్టెమ్మ ధైర్యం చేసి కుందేళ్లనూ లేడినీ ఎక్కించుకుని బయల్దేరింది. సరిగ్గా నల్లయ్య కొట్టు ముందు ఛార్జింగు అయిపోయి ఆటో ఆగిపోయింది.

వ్యానులో పోతున్న గవరయ్య తల బయటపెట్టి, "గంటసేపు ఛార్జింగు పెడితేగాని కదలదట! అదీ ఒక బండేనా?" అని నవ్వాడు. నల్లయ్యకూ నవ్వొచ్చింది.

అప్పుడు కుందేలు, "మామా, ఎలాగూ ఆగాం, టీ ఉందా?" అంది.

టీలు పెడుతూ పెడుతూ నల్లయ్య చెయ్యి ఆగింది. బండి గంటసేపు ఆగాలి. ఎక్కడ? తన కొట్టు ముందు!

"ఓరి నా బుర్రా! నాకు కావలసింది ఆగే బండే కదా!" అని, అప్పటికప్పుడే కొట్టులోంచి వైరు లాగి ప్లగ్గు పెట్టేశాడు.

సంత నుంచి తిరిగొస్తూ గవరయ్య అది చూశాడు. "ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట! ఉన్నది ఒక్క బండి, దానికో ప్లగ్గా?"

"ముందు ఆ ఒక్కటి వస్తేనేగా మిగతావి వచ్చేది అల్లుడూ!" అన్నాడు నల్లయ్య.

ప్లగ్గుందని తెలిసి లేడి ఆటో కొంది. తర్వాత కుందేళ్లు కొన్నాయి. వానలు వెళ్లేసరికి కొట్టు ముందు బళ్లు బారులు తీరాయి. పందీ కోతీ పరుగెత్తుకెళ్లి తామూ ప్లగ్గులు పెట్టారు. దారిలో పొగ పోయి, అల్లం వాసన మిగిలింది. నల్లయ్య ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

ఒక సంత రోజున కొట్టు ముందు కొత్త బ్యాటరీ వ్యాను ఆగింది. అందులోంచి తల గోక్కుంటూ గవరయ్య దిగాడు.

"మామా... ప్లగ్గు ఖాళీగా ఉందా?"

నల్లయ్య పకపకా నవ్వి, "ఉంది అల్లుడూ! గంట పడుతుందిగా, కూర్చో. టీ పెడతా," అన్నాడు. టీ తాగుతున్నవాళ్ల ఈలలతో కొట్టంతా మోగిపోయింది.

నీతి: అందరూ వచ్చాక తలుపు తీద్దామంటే ఎవరూ రారు, ముందుగా తలుపు తీసినవారి గుమ్మానికే అందరూ వస్తారు.